ఎలుగుడబ్బా పద్యం – టీకా తాత్పర్య సహితం

అవతారిక

యోసమిటీ లోయలో మొదలై మౌంట్ విట్నీ శిఖరం (14,505 అడుగులు) దాకా సాగే జాన్ మ్యూర్ ట్రెయిల్ కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలలో ఉంది. పొడవు సుమారు 340 కిలోమీటర్లు. ఆ దారిన పోతున్న తెలుగు బాటసారి ఒకడు తెల్లవారుజామున ఆకలి మీద, తిండిడబ్బా మూత రాక చెప్పిన ఆటవెలది ఇది.

మూలం

మూపు మీద నిల్లు మోసికొనుచుఁ బోవు
కొండకనుమ లెక్కి కూడు వెదకు
ఎలుగు విప్పలేని యీ డబ్బ నేనైన
విప్పగలనె? చలికి వేళ్లు బిగియ!

ప్రతిపదార్థం

మూపు మీదన్ = భుజముల మీద (బరువులో ఎక్కువ పాలు నడుముపట్టీ మీదనే పడును; గణముల కొఱకు కవి మూపు అనెను); ఇల్లు = గుడారము, పడకసంచి, పొయ్యి, గిన్నె, వానకోటు అను సంసారమును; మోసికొనుచున్ పోవున్ = వగర్చుచు నడచును; కొండకనుమలు ఎక్కి = డోనహ్యూ, సిల్వర్, సెల్డెన్, మ్యూర్, మాథర్, పిన్షో, గ్లెన్, ఫారెస్టర్ అను కనుమలను వరుసగా ఎక్కి (ఎక్కిన ప్రతిసారి దిగి అని అధ్యాహారము); కూడు వెదకున్ = తిండికై సంచి అడుగున తడుముకొనును; ఎలుగు విప్పలేని = భల్లూకమునకు అలవి కాని; ఈ డబ్బన్ = ఈ గట్టి ప్లాస్టిక్ పీపాను; చలికిన్ = చలి చేత; వేళ్లు బిగియన్ = వ్రేళ్లు కొయ్యబారగా; ఏనైనన్ = డబ్బిచ్చి కొన్న నేనైనను; విప్పగలనె = విప్పగలనా? (విప్పలేనని భావము.)

తాత్పర్యం

ఎలుగు నుంచి తిండిని కాపాడిన డబ్బా, తినవలసినవాడి నుంచి కూడా దాన్ని కాపాడుతున్నది.

విశేషాలు

శంక: మొదటి రెండు పాదాలు ప్రథమ పురుషలో నడిచి, మూడో పాదంలో కవి హఠాత్తుగా ‘నేను’ అన్నాడు. దోషం కాదా? సమాధానం: ఫారెస్టర్ కనుమ 13,000 అడుగుల పైది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. నడిచేది తానో ఇంకొకడో తేల్చుకోలేని అవస్థ అది. కనుక దోషం కాదు, స్వభావోక్తి.

కూడు అంటే పప్పన్నమని ఒక వ్యాఖ్య. అది చెల్లదు. పదివేల అడుగుల ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు మెత్తబడేలోగా గ్యాసు నిండుకుంటుంది. అటుకులనడమే సాధువు: వేడినీళ్లు పోసి మూత పెడితే చాలు. దూరం నడిచేవాడు అటుకులు మూటగట్టుకోవడానికి కుచేలుడే ప్రమాణం. కాకపోతే ఆయన మూట విప్పడానికి ద్వారకలో కృష్ణుడున్నాడు. ఇక్కడ ఎవరి డబ్బా వారే విప్పుకోవాలి.

ఎలుగు అంటే కాలిఫోర్నియా జెండా మీది గ్రిజ్లీ అనుకోరాదు. అది ఆ రాష్ట్రంలో ఎప్పుడో అంతరించింది. ఇప్పుడున్నది పేరుకు నల్ల ఎలుగు, రంగుకు తరచు గోధుమ. వాసన తగిలితే టూత్‌పేస్టు కోసమైనా వస్తుంది. అందుచేత సబ్బూ, పేస్టూ, ఆవకాయా అన్నీ ఆ డబ్బాలోకే. మూడోనాటికి అటుకులు పుదీనా వాసన కొట్టడం అనుభవవేద్యం. దారిలో చాలా భాగం డబ్బా తప్పనిసరి, బరువు తరచు కిలో పైమాటే. బరువు తగ్గుతుందని బ్రష్షు పిడి కోసి పారేసినవాడు కూడా దాన్ని మోయవలసిందే.

కొన్ని డబ్బాల మూతకు మరలుంటాయి. వాటిని నాణెం అంచుతో తిప్పాలి. శంక: కొట్టు కనబడడమే అరుదైన కొండల్లో నాణెమెందుకు? సమాధానం: ఎలుగుకు గోళ్లున్నాయి, కోరలున్నాయి, ముక్కుంది, ఓపికా ఉంది. జేబు లేదు. ఈ డబ్బా శాస్త్రమంతా ఆ ఒక్క లోపం మీద నిలిచింది.

అలంకారం

ఎలుగుకూ మనిషికీ విప్పలేకపోవడమనే ఒకే ధర్మం చెప్పడం చేత తుల్యయోగిత. నాణెం దొరికితే వ్యతిరేకం.

రసం

కొండలకు పోయాడు కనుక శాంతమని కొందరు. సంసారం వదిలితే మూపు మీద ఉన్నదేమిటి? ఇంట్లో ఏనాడూ తూచని చెంచాను కూడా తూచి సంచిలో వేసుకున్నాడు. ఇది సన్యాసం కాదు, గృహస్థాశ్రమమే. సామాను తక్కువ, లెక్క ఎక్కువ. కనుక హాస్యమే అంగి రసమని మా మతం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని నిత్యం పఠించేవారు విట్నీ శిఖరం చేరతారు. దారి అక్కడ సమాప్తం, నడక కాదు: రోడ్డు దొరకాలంటే ఇంకో 18 కిలోమీటర్లు దిగాలి. దిగేటప్పుడు తిండిడబ్బా ఖాళీయే గాని చేతులు ఖాళీ కావు. మిగతా దారిలో మలాన్ని నీటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చవచ్చు. విట్నీ పరిధిలో మాత్రం సంచిలో మూటగట్టి ఎవరిది వారు కిందికి తెచ్చుకోవాలని నిబంధన. కర్మఫలాన్ని ఎవరికి వారే మోయాలన్న సిద్ధాంతాన్ని అటవీశాఖ వారు ఇంత సూటిగా చెప్పాక, దానికి మళ్లీ టీక అక్కర్లేదు.