టర్బో పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఇరుదెసలను టర్బొ యిరవుగా నుండిన
నాగి యాగి పలుక నక్కరేల?
మధ్యనడ్డు తగిలి మాటాడవచ్చును
జతకు లేకయున్న జారు జోరు.

అవతారిక: అమెరికాలో వినికిడి లేనివారు ఫోను తీగ మీద టైపు చేసి మాట్లాడుకునే యంత్రం టీటీవై. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతికశాస్త్రవేత్త పాత టెలిటైపుల్ని ఫోనుతో ముడిపెట్టాడు. అప్పటినుంచీ దాని భాష బోడో అనే సంకేతం. ఆ బోడో నడకకు విసిగిన కవి వాక్కు ఇది.

ప్రతిపదార్థం: ఇరుదెసలను = ఫోను చేసినవారి దగ్గరా, ఎత్తినవారి దగ్గరా; టర్బొ = అల్ట్రాటెక్ కంపెనీవారి వేగపు సంకేతం; ఇరవుగా నుండినన్ = ఉండి, ఆన్‌లోనూ ఉంటే; ఆగి యాగి = ‘జీఏ’, అనగా ‘ఇక మీ వంతు’, అని తెరమీద పడేదాకా చేతులు కట్టుకుని; పలుకన్ = టైపు చేయడానికి; అక్కర + ఏల = అవసరమేముంది; మధ్యన్ + అడ్డు తగిలి = అవతలివారి వాక్యం ముగియకముందే దూరి; జతకు = అవతలి యంత్రానికి; జారు జోరు = మళ్లీ బోడోయే గతి.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: ‘జోరు’ అంటే వేగమేనని కొందరి వ్యాఖ్య. బోడోలో నిమిషానికి దాదాపు 60 మాటలే వెళతాయి, టర్బోలో అంతకు మించి పోతాయి, నిజమే. కానీ రెండు వేళ్లతో వెతికి వెతికి కొట్టేవాడికి ఆ వేగంతో ఏం పని? కవి హృదయం మూడో పాదంలో ఉంది. బోడోకు ఒకేసారి ఒక దిక్కునే ప్రయాణం. ఇద్దరూ ఒక్కసారి కొడితే 1400, 1800 హెర్ట్జుల కూతలు కలగలిసి తెరమీద పిచ్చిరాతలు మిగులుతాయి. వినగలిగినవాళ్లు పెళ్లి కబురు మధ్యలో “ఆగాగు, ఏ మంగళవారం?” అని చప్పున అడ్డుపడతారు. బోడోలో ఆ ప్రశ్న అడగాలంటే అవతలివారు పెళ్లి, భోజనాలు, అప్పగింతలు అన్నీ ముగించి జీఏ కొట్టాలి. మాటకు మాట అడ్డుపడే హక్కు లేని పోట్లాటకేం రుచి? అలంకారం స్వభావోక్తి.

నాలుగో పాదాన్ని కొందరు శాపంగా చదివారు, అది తప్పు. అవతల టర్బో లేకపోతే ఈ యంత్రం తనంతట తానే బోడోలోకి దిగి, సంభాషణ సాగనిస్తుంది. అప్పుడు మాత్రం, పాఠకులారా, జీఏ కొట్టడం మరవకండి; అవతలివారు మీకోసమే కాచుకుని ఉంటారు.