ఎర్తింగ్ మావయ్య

పరవాడ చుట్టుపక్కల ఏ కాలనీలో చూసినా వీధికో ఎర్తింగ్ మావయ్య ఖాయం. పవర్ ప్లాంటులోనో, స్టీలు ప్లాంటులోనో, ఫార్మాసిటీలోనో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసి రిటైరై ఉంటాడు. 2022లో పరవాడ విశాఖ జిల్లా వదిలి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఆయన జేబులోంచి లైన్ టెస్టర్ మాత్రం కదల్లేదు. ఫ్యాను మూలిగినా, మోటారు ఆగినా, అల్లుడు అలిగినా ఆయన వేసే మొదటి ప్రశ్న ఒకటే. "ఎర్తింగ్ చూసేరేటి?"

ఈ మధ్య ఆయన చేతికి రాస్ప్‌బెర్రీ పై చిక్కింది. ఏటీఎం కార్డంత కంప్యూటరు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఇంగ్లండువాళ్ళు 2012లో అమ్మకానికి పెట్టారు. మన పిల్లలు ఇంజనీరింగ్ ప్రాజెక్టుకి కొంటారు. తెల్లారితే రివ్యూ అనగా రాత్రికి అది మొండికేస్తుంది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. "మావయ్యగారికి చూపించరా" అంటాడు తండ్రి. పాపం, ఆయన మంచికే అంటాడు.

మావయ్య పేపరు పరిచి, కళ్ళజోడు ముక్కు కొసకి దించి, ముందు బోర్డుని వాసన చూస్తాడు. "కాల్లేదు. బతికే ఉంది." ఆ తర్వాత నేరస్థుల పేర్లు వరసగా వస్తాయి: ఎర్తింగు, ముత్యాలమ్మపాలెం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, బూడిద, చైనా.

"మావయ్యా, పచ్చలైటు నాలుగుసార్లు మిణుకుతోంది. మెమరీ కార్డులో స్టార్ట్ ఫైలు దొరకలేదని దానర్థం. ఏడుసార్లయితే కెర్నెల్ లేదని."

"మిణుకుతోందంటే కరెంటు ఆడుతోందిరా!"

కంట్రోల్ రూములో ఏ అలారం వెలిగితే ఏ వాల్వు దగ్గరికి పరిగెత్తాలో నిద్రలో లేపి అడిగినా చెప్పిన మనిషి ఈయన. ఈ చిన్న లైటు చెప్పేది మాత్రం చెవిన పెట్టడు. ఇందులో ముందు లేచేది ప్రధాన ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ భాగమని, అది కార్డు చదివి రెండోదాన్ని లేపుతుందని కుర్రాడు చెప్పబోతే, "ఇంట్లో పెద్దోళ్ళు ముందు లెగాలి గానీ బొమ్మలేసే గుంటడు లెగడమేటి?" అని కొట్టిపారేశాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయనకి ఎంతో నచ్చింది. 2015లో వచ్చిన రెండో రకం పై, జినాన్ ఫ్లాష్ ఉన్న కెమెరాతో దగ్గర నుంచి ఫొటో తీస్తే టక్కున రీస్టార్ట్ అయిపోయేది. కరెంటు సర్దే చిప్పు ఆ వెలుగుకి బెదిరేది. "చూసినావా! దీనికి దిష్టి తగుల్తుంది" అని మావయ్య మురిసిపోయాడు. మామూలు ఫోన్ ఫ్లాష్‌తో ఆ గొడవ లేదని చెప్పినా, ఆయన గదిలో ఫోన్లు బయటపెట్టడం నిషేధం.

ఇక మీటరు. చార్జరు కొసన పెట్టి చూశాడు. "ఐదు పాయింట్ ఒకటి. బంగారం!" బోర్డుకి తగిలించి, లోడు మీద చూడొద్దూ? ఫోన్ కవరుతో పాటు ఊరికే వచ్చిన సన్నటి కేబులది. అందులోంచి నాలుగో రకం పై 3 ఆంపియర్లు లాగబోతే వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. 4.63 వోల్టుల కిందికి దిగితే బోర్డు గిలగిల్లాడుతుంది, రాస్తూ రాస్తూ ఆగిపోయి కార్డుని పాడుచేస్తుంది. కిటికీలోంచి చూస్తే 2000 మెగావాట్ల సింహాద్రి పవర్ ప్లాంటు చిమ్నీలు. కిటికీ లోపల అర వోల్టుకి కరువు.

మావయ్య తీర్పు చెప్పేశాడు. "ఎర్త్ పిట్ ఎండిపోయింది." కల్లుప్పు పొట్లం, బకెట్టు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. చార్జరుకి ఉన్నవే రెండు పిన్నులు, ఎర్తింగుకి అందులో చోటే లేదు. కుర్రాడు ఆ మాట అనలేదు. ఆయన గోడ మీదుగా పక్కింటాయన మోటారుక్కూడా వైద్యం చెప్పి వచ్చేలోగా, లాప్‌టాప్‌లో కార్డు మళ్ళీ రాసి, బ్యాగులోంచి అసలు చార్జరు తీసి పెట్టాడు. తెర మీద ఇంద్రధనుస్సు మెరిసింది, అక్షరాలు జలజలా దొర్లాయి.

మావయ్య తడి కాళ్ళతో గుమ్మంలో నిలబడి చూశాడు.

"రెండు బకెట్లకే లెగిసింది! మీ నాన్నకి చెప్పు, మీ గుంతలోనూ పొయ్యమని. ఉప్పు నానిస్తాను, పట్టికెళ్ళు."