పెన్‌డ్రైవు చీటీకి టీకా తాత్పర్యము

మూలము

అన్ని ఓఎస్‌లూ ఇందులోనే ఉన్నవి. ఎవరూ దీనిని ఫార్మాట్ కొట్టరాదు. ఎఫ్12 నొక్కి ఎక్కించుకోవలెను. పని కాగానే తిరిగి ఇవ్వవలెను.

అవతారిక

మల్టీబూట్ పెన్‌డ్రైవు అనగా విండోస్, ఉబుంటు, డెబియన్ వంటి పలు ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఇన్‌స్టాలర్లను ఒక్కచోట ఉంచుకొని, కంప్యూటరు ఆన్ కాగానే మెనూ చూపించి, కోరినదాన్ని నడిపించే పెన్‌డ్రైవు. దానికి దారంతో కట్టే చీటీయే ఇక్కడ మూలగ్రంథం. హైదరాబాదులోని చిక్కడపల్లి సర్వీసు షాపులు, నారాయణగూడ ఇంజనీరింగ్ విద్యార్థుల గదులు, అశోక్‌నగర్ హాస్టళ్లు ఈ పెన్‌డ్రైవు సంచరించే క్షేత్రాలు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ ఎన్ని వేల గంటలు గడిపినా వాళ్ల ల్యాప్‌టాప్ మొరాయించేది మాత్రం నోటిఫికేషన్ గడువు రేపనగానే. అప్పుడు ఈ చీటీ చేతులు మారుతుంది.

కర్త పేరు తెలియదు. ‘ఉన్నవి’, ‘వలెను’ అన్న గ్రాంథిక రూపాల పక్కనే ‘ఫార్మాట్ కొట్టు’ అన్న హైదరాబాదీ ప్రయోగం ఉండడాన్ని బట్టి కర్త నోటీసు బోర్డుల తెలుగును బాగా అభ్యసించినవాడని ఊహించవచ్చు. కాలం విషయంలో ఇంత ఊహ అక్కర్లేదు. ‘ఇందులోనే’ అన్న ధీమా వెంటాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాకే సులువైంది. అది వెలువడింది 2020లో. చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లు తెరుచుకున్నదీ ఆ ఏడాదే, ఫిబ్రవరి 7న. కనుక చీటీ మెట్రో కన్నా పాతది కాకపోవచ్చు.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పుకునే సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఈ మూలానికి ఆ ప్రతిజ్ఞ చెల్లదు. చీటీ రాసినవాడు చెప్పినదానికన్నా మింగినదే ఎక్కువ.

ప్రథమ వాక్యము

అన్ని = సమస్తమైన, ఓఎస్‌లూ = ఆపరేటింగ్ సిస్టమ్‌లునూ, ఇందులోనే = ఈ పెన్‌డ్రైవునందే, ఉన్నవి = కలవు.

‘అన్ని’ అతిశయోక్తి. 32 జీబీ పెన్‌డ్రైవును కంప్యూటరుకు పెడితే విండోస్ 29.8 జీబీ లోపే చూపిస్తుంది. తయారీదారు వంద కోట్ల బైట్లను ఒక జీబీ అంటాడు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చించి లెక్క కడుతుంది. దొంగతనం జరగలేదు, కొలపాత్ర మారింది. ఆ చోటులో విండోస్ 11కూ ఉబుంటు డెస్క్‌టాప్‌కూ చెరొక ఐదు జీబీకి పైగా, లినక్స్ మింట్‌కు సుమారు మూడు, డెబియన్ నెట్ ఇన్‌స్టాలర్‌కు ఒకటి లోపు పోగా, పార్టిషన్లు సర్దే జీపార్టెడ్, డిస్కుకు నకలు తీసే క్లోన్‌జిల్లా, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ కూడా పడతాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెచ్చిన తెలుగు ఓఎస్‌కు కూడా చోటు మిగులుతుంది. ఫుట్‌పాత్ మీద అగ్గువకు దొరికే ‘1 టీబీ’ పెన్‌డ్రైవు కొంటే నిజంగా అన్నీ పట్టవచ్చు కదా అంటే, పట్టినట్టు కనిపిస్తాయి, తెరిచినప్పుడు ఉండవు. అటువంటి వాటి అసలు కెపాసిటీ తేల్చడానికే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే పరీక్షలున్నాయి. బిల్లుతో కొనదలచినవారికి సికింద్రాబాదు పార్కులేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పాత తీర్థం.

విండోస్ 10ను ‘అన్ని’లో చేర్చాలా అన్నది వివాదాంశం. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అడుగుతుంది, హాస్టళ్లలోని చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. ఆ యంత్రాల యజమానులే ఇప్పుడు మెనూలో రెండో వరుస, మూడో వరుస చదువుతున్నారు. లినక్స్ వ్యాప్తికి ప్రచార సభల కన్నా ఈ తేదీ ఎక్కువ మేలు చేసిందనడం తప్పు కాదు.

‘ఉన్నవి’ అన్నదానికి మరింత సూక్ష్మార్థం ఉంది. నిజానికి ఇందులో ఉన్నవి ఓఎస్‌లు కావు, ఐఎస్ఓ ఫైళ్లు. ఐఎస్ఓ అంటే ఒకప్పుడు సీడీ మీదికి ఎక్కించవలసిన మొత్తాన్ని ఒకే ఫైలుగా మూట కట్టినది. వీటిలో విండోస్ ఐఎస్ఓ ప్రధానంగా ఇన్‌స్టాల్ చేయడానికి. లైసెన్సు అందులో ఉండదు. అది ఆ యంత్రానికో, యజమాని ఖాతాకో చెందినది. ఉబుంటు, మింట్ వంటివి లైవ్‌గా కూడా నడుస్తాయి. హాస్టల్ గది చూసి, ఫ్యాను వేసి, కుళాయి తిప్పి, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేసినట్టు, హార్డ్‌డిస్కును ముట్టకుండానే వైఫై పట్టుకుంటుందో లేదో, స్పీకర్లు పలుకుతాయో లేదో చూసుకుని బయటపడవచ్చు. విండోస్ తెరుచుకోని ల్యాప్‌టాప్ నుంచి నోట్సు పీడీఎఫ్‌లు బయటికి తీయడానికీ ఇదే దారి. రిపేరుకు వచ్చినవాళ్లలో చాలామందికి కావలసింది ఇదే. కొత్త ఓఎస్ కాదు.

ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి? పూర్వపద్ధతిలో ఒక ఓఎస్‌కు ఒక పెన్‌డ్రైవు. రూఫస్ వంటి సాధనం ఐఎస్ఓను విప్పి పరుస్తుంది. రెండోది కావాలంటే మొదటిది చెరిపేయాలి. కొందరు పండితులు గ్రబ్ అనే బూట్‌లోడరు మెనూను చేతితో రాసి, ప్రతి ఐఎస్ఓలో కెర్నెల్ ఏ దారిలో ఉందో వెతికి, ఒక్కొక్క వరుస కూర్చి మల్టీబూట్ సాధించేవారు. కొత్త వెర్షన్ రాగానే ఆ దారి మారేది, వరుస చెడేది. వెంటాయ్ వచ్చి ఈ పాండిత్యాన్ని నిరుద్యోగం పాలు చేసింది. దాన్ని పెన్‌డ్రైవు మీద ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే రెండు పార్టిషన్లు ఏర్పడతాయి. పెద్దది మామూలు ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్. రెండోది 32 ఎంబీ, బూట్ సరంజామా అంతా అందులోనే. ఆ తరువాత ఐఎస్ఓ ఫైళ్లను పెద్ద పార్టిషన్‌లోకి కాపీ చేయడమే. విప్పనక్కర్లేదు. మెనూ తనంతట తానే వాటిని ఏరుకుని చూపిస్తుంది. వద్దనుకున్న ఓఎస్‌ను తీసేయాలంటే ఫైలు డిలీట్ చేస్తే సరి.

కాపీకి ముందు ఒక సంస్కారం ఉంది. ఐఎస్ఓను దాని అసలు సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన షా256 సంఖ్యతో పోల్చాలి. 64 అక్షరాల ఆ సంఖ్యలో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు పాడైనట్టో, ఎవరో చెయ్యి పెట్టినట్టో. హాస్టల్ వైఫై మీద రాత్రంతా దిగిన ఫైలుకు ఈ పరీక్ష మరీ అవసరం.

ద్వితీయ వాక్యము

ఎవరూ = స్నేహితుడైనను, జిరాక్స్ షాపువాడైనను, దీనిని = ఈ పెన్‌డ్రైవును, ఫార్మాట్ కొట్టరాదు = చెరిపివేయరాదు.

ఇక్కడ విరోధం కనిపిస్తుంది. హైదరాబాదులో ‘సిస్టమ్ ఫార్మాట్ కొట్టించాలి’ అంటే ఓఎస్ కొత్తగా వేయించాలని అర్థం. ఈ పెన్‌డ్రైవు పుట్టిందే ఆ పనికి. ఫార్మాట్ కొట్టే వస్తువును ఫార్మాట్ కొట్టరాదనడం ఎలా పొసగుతుంది? పరిహారం విభక్తిలో ఉంది. దీనితో కొట్టవచ్చు, దీనిని కొట్టరాదు. తృతీయకూ ద్వితీయకూ మధ్యనున్న ఈ తేడా తప్పినప్పుడు వ్యాకరణంలో మార్కు పోతుంది. విండోస్ సెటప్‌లో డేటా పోతుంది. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని అడిగే తెరమీద ల్యాప్‌టాప్ డిస్కూ, పెన్‌డ్రైవూ డ్రైవ్ 0, డ్రైవ్ 1 అని ఒకే వరుసలో నిలబడవచ్చు. పేర్లను నమ్మరాదు, సైజు చూసి గుర్తుపట్టాలి.

నిషేధం ముఖ్యంగా జిరాక్స్ షాపును ఉద్దేశించినదని ఒక మతం. వెంటాయ్ పెన్‌డ్రైవులో మిగిలిన చోటు మామూలుగానే వాడుకోవచ్చు కనుక, హాల్ టికెట్ పీడీఎఫ్ కూడా అందులోనే వేసుకుని ప్రింటుకు ఇవ్వబుద్ధవుతుంది. పది మంది పెన్‌డ్రైవులు పెట్టే ఆ కంప్యూటరులో ఫోల్డర్లను దాచేసి షార్ట్‌కట్‌లు సృష్టించే వైరస్ ఉంటే, రేపు కొత్త ఓఎస్ ఎక్కించవలసిన పెన్‌డ్రైవే రోగవాహకం అవుతుంది. పాతపద్ధతిలో లినక్స్ ఐఎస్ఓను నేరుగా రాసిన పెన్‌డ్రైవుకు ఇంకో గండం: విండోస్ దాన్ని గుర్తుపట్టలేక, వాడాలంటే ఫార్మాట్ చేయాలంటూ పెట్టె చూపిస్తుంది, షాపు కుర్రాడు వరుసలో ఉన్నవాళ్లను చూస్తూ ఎంటర్ కొడతాడు. ప్రింట్లకు వేరే చిన్న పెన్‌డ్రైవు ఉంచుకోవడమే శ్రేయస్కరం.

యజమాని కూడా ‘ఎవరూ’లో చేరతాడు. వెంటాయ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అప్‌డేట్ నొక్కితే ఫైళ్లు పదిలం. ఇన్‌స్టాల్ నొక్కితే సర్వం పోతుంది. రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి. ఇక ఫ్యాట్32లోకి మార్చితే మంచిదని కొందరు ఇచ్చే సలహా వినదగినది కాదు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటరాదు. విండోస్ ఐఎస్ఓ గడప దగ్గరే ఆగిపోతుంది.

తృతీయ వాక్యము

ఎఫ్12 = ఆ పేరుగల మీటను, నొక్కి = కంపెనీ గుర్తు కనిపించకముందే పదేపదే తట్టి, ఎక్కించుకోవలెను = ఇన్‌స్టాల్ చేసుకోవలెను.

పాఠాంతరాలు విస్తారంగా ఉన్నది ఈ వాక్యానికే. డెల్, లెనోవో శాఖలవారిది ఎఫ్12 పాఠం. హెచ్‌పీవారు ఎస్కేప్ నొక్కి ఎఫ్9 అంటారు. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ ఒక్కటే. ఏసర్‌లోనూ ఎఫ్12 ఉంది గానీ, బయోస్‌లోకి వెళ్లి దాన్ని ముందు ఎనేబుల్ చేయవలసి రావచ్చు. కొన్ని లెనోవోలకు పక్కన పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది. కాబట్టి ఎఫ్12ను ఉపలక్షణంగా, అంటే బూట్ మెనూ మీటలన్నిటికీ గుర్తుగా గ్రహించాలి. ఏ మీటా పనిచేయడం లేదంటే దోషం వేలిది కాకపోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. రీస్టార్ట్ చేసి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి మళ్లీ ప్రయత్నించాలి.

మీట పనిచేశాక జరిగేది ఇది. పాత యంత్రమైతే పెన్‌డ్రైవులోని మొట్టమొదటి 512 బైట్లను చదువుతుంది. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 పార్టిషన్ల పట్టికకు, చివరి 2 సంతకానికి. యూఈఎఫ్ఐ ఉన్న కొత్త యంత్రం ఈ 512తో సరిపెట్టుకోక, చిన్న పార్టిషన్‌లో తన పేరిట ఉంచిన బూట్ ఫైలును వెతుకుతుంది. వెంటాయ్ రెండు ఏర్పాట్లూ చేసి ఉంచుతుంది గనుక పాతవాటిలోనూ కొత్తవాటిలోనూ ఒకే పెన్‌డ్రైవు లేస్తుంది. మెనూలో ఇన్‌స్టాలర్‌ను ఎంచుకుని, అది సరిగా లేవకపోతే రెండో మెనూలోని గ్రబ్2 మోడ్‌తో ప్రయత్నించడం శిష్టాచారం.

విఘ్నాలు మూడు తరచుగా వస్తాయి. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో మొదటిసారి నీలి తెర అడ్డుపడుతుంది. అక్కడ ‘ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్’ ఎంచుకుని, పెన్‌డ్రైవులోని చిన్న పార్టిషన్‌లో ఉన్న తాళపు ఫైలును చూపిస్తే ఆ యంత్రానికి మళ్లీ అడగవలసిన పని ఉండదు. దీన్ని దాటడానికి సెక్యూర్ బూట్ ఆపేయమని చెప్పే సంప్రదాయం ఉంది గానీ, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలా చేస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డు యజమానికి గుర్తుండదు. కీ చేతికి వచ్చేదాకా బయోస్ జోలికి పోరాదు.

రెండోది, ఇంటెల్ 11వ తరం, ఆ తరువాతి కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ సెటప్ డిస్కే లేదంటుంది. డిస్కు చెడిపోలేదు. స్టోరేజీ డ్రైవరును ఒక ఫోల్డరులో విప్పి పెన్‌డ్రైవులోనే ఉంచుకుని, ‘లోడ్ డ్రైవర్’ ద్వారా చూపిస్తే డిస్కు దర్శనమిస్తుంది. కొత్త డిస్కు కొనిపించే ముందు షాపువాడు చేయవలసిన పని ఇదే.

మూడోది, లైవ్ ఉబుంటులో విండోస్ డ్రైవు తెరుచుకుంటుంది గానీ అందులో ఏమీ రాయనివ్వదు. ఇది కూడా ఫాస్ట్ స్టార్టప్ మహిమే. డ్రైవును విండోస్ ఇంకా తన అధీనంలోనే ఉంచుకుంది. ఫైళ్లు బయటికి తీసుకోవడానికైతే చదవనిస్తే చాలు.

చతుర్థ వాక్యము

పని కాగానే = ఓఎస్ ఎక్కగానే, తిరిగి ఇవ్వవలెను = యజమానికి చేర్చవలెను.

ఈ వాక్యం ప్రక్షిప్తమని వాదించేవాళ్లున్నారు; ఆచరణలో దీనికి ఉదాహరణ దొరకకపోవడమే వారి ఆధారం. ఇవ్వదలచినవారు మాత్రం పెన్‌డ్రైవును పీకేయకుండా ముందు ఎజెక్ట్ చేయాలి. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ లేదు గనుక, రాస్తుండగా లాగితే ఫైళ్ల పట్టిక చెదిరే ప్రమాదం ఎక్కువ. అప్పు తెచ్చుకునే బదులు సొంతంగా చేసుకోవడం సులువు: తన పెన్‌డ్రైవు మీద వెంటాయ్ వేసుకుని, యజమాని దగ్గరి ఐఎస్ఓలను అలాగే కాపీ చేసుకుంటే చాలు, యూఎస్‌బీ 3.0 పోర్టు అయితే టీ తాగేలోపు సగం పని అవుతుంది. వెంటాయ్ తీసేసి పెన్‌డ్రైవును మళ్లీ మామూలుగా మార్చాలంటే విండోస్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, డిస్కు నంబరు ఎంచుకుని, క్లీన్ అని, ఆపై కొత్త పార్టిషన్ పెట్టి ఫార్మాట్ చేయాలి. ఆ నంబరు తప్పితే చెరిగేది ల్యాప్‌టాప్ డిస్కే, దాన్ని ద్వితీయ వాక్యపు నిషేధం కాపాడదు గనుక, సైజును మరోసారి చూసుకున్నాకే ఎంటర్ కొట్టాలి.