దుంపల అంకుల్

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లున్న ప్రతి కాలనీలోనూ ఒక దుంపల అంకుల్ ఉంటారు. భోజనానికి పిలుస్తారు గానీ ప్లేటు చేతికివ్వరు. ముందు గొడుగు ఇస్తారు. పెరట్లో ఐరిస్ పూల మడి చూశాకే పప్పన్నం.

చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాట్లాడేది వ్యవసాయాధికారిలా. "ఇక్కడ ఏడాదికి పడే వాన 950 మిల్లీమీటర్లేనండీ! మన హైదరాబాదులో నాలుగు నెలల్లో దంచేసి పోతుంది. ఇదేమో అక్టోబరులో మొదలెట్టి వసంతం దాకా జలుబు చేసిన ముక్కులా కారుతూనే ఉంటుంది." ఆపైన నేలని తిడతారు. మంచుయుగంలో హిమానీనదాలు తొక్కిపెట్టిన గట్టి పొర, పార వేస్తే ఖంగుమంటుంది, నీళ్లు దిగవు. పైనున్న కాస్త మంచి మట్టినీ ఇల్లు కట్టినవాళ్లు గీరేసి పోయారట.

అందుకే అడుగెత్తు గట్టు పోసి, గులక కలిపి, దాని మీద గడ్డాల ఐరిస్ (రేకుల మీద గడ్డంలాంటి నూగుండే రకం) దుంప పెట్టారు. వేళ్లు మట్టిలో, దుంప వీపు ఎండకి. లోతుగా పాతేవాళ్లు ఆయన దృష్టిలో హంతకులు. నత్రజని ఎరువు వేసేవాళ్లు వాళ్లకి తోడుదొంగలు. ఆకు ఏపుగా వస్తుంది, వెనకే కుళ్లు తెగులూ వస్తుంది. ఆ తెగులు కంపు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పి ఊరుకోరు. మెత్తబడిన దుంపని భోజనానికి ముందే అతిథి ముక్కు దగ్గర పెడతారు. తర్వాత కుళ్లు గీకి, బ్లీచ్ నీళ్లలో చాకు కడుగుతారు. ఆ చాకు వంటింటిది.

"గడ్డాల ఐరిస్‌కి మనం చేయగలిగిన సేవ దాని జోలికి పోకపోవడమే" అంటారు. అంటూనే వంగి, మెత్తబడిందేమోనని ప్రతి దుంపనీ బొటనవేలితో నొక్కుతారు. ఆరోగ్యంగా ఉన్న దుంపకి అంతకంటే ఏం కష్టం కావాలి?

కంచె పక్కన, ఆమ్లగుణమున్న చెమ్మనేలలో, ఆంటీ ఎప్పుడో సైబీరియన్ ఐరిస్ పెట్టి మరిచిపోయారు. దానికి చెమ్మంటే ఇష్టం. ఏటా నీలంగా విరగపూస్తుంది. అటు చూపిస్తే ఆయన మొహం ముడుచుకుంటుంది: "అదీ ఒక ఐరిసేనా? దానికి గడ్డమే లేదు!"

మూడు నాలుగేళ్లకోసారి, ఆగస్టులో, గుబురెక్కిన దుంపలు విడదీసి సంచుల్లో పంచుతారు. ఇస్తే తీసుకోండి, మంచి రకాలే. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగిలేచోట పైపైన పెట్టండి. అవి పూసేదాకా మాత్రం ఆయన్ని మీ ఇంటికి భోజనానికి పిలవకండి.