మంజీర నీటిపై ఒక నాటుపడవ ఆత్మకథ

నేను పడవను. నల్లమద్ది పలకలను చెక్కి, ఒండొంటికి చేర్చి, సంధులలో నార కుక్కి, గుగ్గిలమును నూనెతో మరిగించి పోసి, అడుగున తారు పూసి, అచ్చంపేట చేరువ నిజాంసాగరపు ఒడ్డున ఒక వడ్రంగి నన్ను నిర్మించెను. చేపలు పట్టి జీవించు ఒక కుటుంబము నాకు ఏలిక. రవ్వ, బొచ్చె, కొఱ్ఱమట్టలతో బరువెక్కిన వలలను ఒడ్డు చేర్చుట నా వృత్తి. కాని నా జీవితమున చెప్పదగిన విశేషము చేపలను గూర్చినది కాదు. సరిహద్దున కాలు పోగొట్టుకొని వచ్చిన ఒక జవాను నా బల్లపై కూర్చుండి, రెండు తెడ్లు చేతబట్టి, తన శరీరమును తిరిగి తన అధీనమునకు తెచ్చుకొనిన వృత్తాంతమది. దానిని చెప్పు యోగ్యత నాకు కలదనియే నా విశ్వాసము. ఏలయన మనుష్యులు ముఖమును చూచి ఒకరినొకరు తెలిసికొందురు, పడవ యన్ననో అడుగుపలకపై పడు పాదముల బరువును బట్టి మనిషిని తెలిసికొనును.

నేను తిరుగాడు నీటిని గూర్చి ముందు చెప్పవలెను. గోదావరిలో గలియు మంజీరానదిపై, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్ అను ఇంజనీరు ఆధ్వర్యమున, 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన ఆనకట్ట ఇది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. పైన మోటారుబండ్లు పోవుటకు త్రోవ కలదు. ఈ నీరు నిలుచుటకై సుమారు 40 గ్రామములవారు ఇండ్లు వాకిళ్ళు విడిచి లేచిపోయిరి. నా యజమాని పూర్వులును వారిలోనివారే యని ఇంటివారు చెప్పుకొందురు. దశాబ్దముల పూడిక చేరి జలాశయపు లోతు తగ్గినది; వానలు తప్పిన ఏండ్లలో నీరు అడుగంటి, నేను నెఱ్ఱెలు విచ్చిన మట్టిపై ఒరిగి పడియుందును. మంచి వానకాలము గడచిన పిదప మాత్రము, ఎల్లారెడ్డి వైపునుండి వచ్చువారు కట్టపై నిలిచి చూడగా కనుచూపు మేర నీరే. ఈ కట్ట పొడవును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దానితో నాకు ముందు పని కలదు.

నా యజమాని కుమారుడు నడక నేర్చిన నాటినుండి నాలో తిరిగినవాడు. తెడ్డు లాగునపుడు కుడిమడమ ముందుగను, ఎడమమడమ వెనువెంటను ఒత్తుట వాని పద్ధతి. యౌవనము రాగానే మిలట్రీలో చేరవలెనను కోరిక పుట్టి, తెల్లవారకముందే ఎల్లారెడ్డి త్రోవన పరుగులు తీసి, భర్తీలో నెగ్గి వెడలిపోయెను. సెలవులకు వచ్చినపుడెల్ల మొదట నన్ను నీటిలోనికి త్రోయుచుండెను. కొన్నేండ్లకు, కొండలలో గస్తీ తిరుగుచుండగా మందుపాతర పేలి, ఎడమకాలు మోకాలి క్రింద పోయినదను వార్త వచ్చెను. శస్త్రచికిత్సలు జరిగిన పిదప, రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1944లో పూనాలో స్థాపింపబడిన సైనిక కృత్రిమావయవ కేంద్రమున వానికి కాలు అమర్చి, నడక నేర్పి పంపిరి.

ఊరు వానిని గౌరవించెను. పూలదండలు వేసిరి, శాలువలు కప్పిరి, బడిపిల్లలచేత సెల్యూటు చేయించిరి. అదియంతయు నిష్కపటమైన గౌరవము. దానిని నేను తక్కువచేసి పలుకను. కాని దండలు వాడిన పిమ్మట వానికి చేయుటకు పని లేకపోయెను. "లేవకు బిడ్డా, నేను దెస్త" యని తల్లి ప్రేమతో పలుకు మాటయే వానిని మంచమునకు కట్టివేసెను. ఇల్లు ఒడ్డుననే యుండుటచేతను, తండ్రి వల వేయుచు తనలో తాను గొణుగుకొనుటచేతను నాకీ సంగతులు తెలిసినవి. కూర్చుండి కూర్చుండి దేహము స్థూలించెను. దేహము పెరుగగా తెగిన కాలిమొన కూడ ఉబ్బి, దాని కొలతకు చేసిన తొడుగు బిగుతై ఒరసి పుండు పడెను. పుండు పడగా కృత్రిమపాదమును మూలబెట్టవలసి వచ్చెను. అది మూలబడగా నడక తగ్గి దేహము మఱింత స్థూలించెను. ఎల్లవేళల కూర్చుండుటచే తుంటికీలు వంగిన చోటనే బిగిసి, నిటారుగా నిలుచుట కష్టమయ్యెను. రాత్రులందు, లేని పాదము మండుచున్నదని లేచి కూర్చుండెడివాడట. తెగిన అవయవపు నరములును, మెదడులో మిగిలియున్న దాని రూపమును కలసి కల్పించు ఈ బాధ వైద్యులెరిగినదే. కాని ఎదురుగా శూన్యముండగా అక్కడ నొప్పియని తల్లిదండ్రులకు చెప్పుకొనుట ఎట్టివానికిని దుస్సహము.

ఇట్టి స్థితిలో తండ్రి యొకనాడు, "ఇంట్ల ఎన్నొద్దులు పంటవు బిడ్డా? పడవలకు రా. నువ్వు ఊకె కూసో, తెడ్డు నేనేస్త" యని పిలిచెను. కృత్రిమపాదములో ఇసుక చేరిన పాడగునని దానిని ఒడ్డున విప్పి, తండ్రి భుజము పట్టుకొని వాడు నాలోనికి దిగెను. ఎన్నేండ్లో ఎరిగిన ఆ బరువు ఒక ప్రక్కకే ఒరిగి పడగా, నేను కూడ ఆ ప్రక్కకు ఒరిగితిని. కొంత దూరము పోయిన పిదప వాడు, "నాకియ్యి బాపూ, నేనేస్త" అనెను. తండ్రి సంకోచించి, ఇచ్చెను. ఆ తెడ్డు మార్పిడియే ఈ కథకు ఆయువుపట్టు. కూర్చుండబెట్టి త్రిప్పుదుమను దయకును, తెడ్డు చేతికిచ్చు నమ్మకమునకును గల వ్యత్యాసమును ఆ తండ్రి యెన్నడును మాటలలో పెట్టి యుండడు, చేతిలో పెట్టెను.

తెడ్డు వేయుట చేతుల పని యని ఒడ్డున నున్నవారు తలంతురు. తెడ్డు చేతులతో పట్టుకొనబడును. బలము మాత్రము పాదమునుండి పుట్టి, తొడలగుండ నడుమునకెక్కి, వీపునుండి భుజములకు పారవలెను. ఒక పాదమునకు ఆనువు లేకపోగా వాడు లాగిన ప్రతిసారియు దేహము బల్లపై జారి, నేను గుండ్రముగా తిరుగసాగితిని. మరునాడు తండ్రి కుడిపాదము ఆనుటకు అడ్డపలక యొకటి మేకులతో బిగించి, ఎడమతొడను బల్లకు కట్టుటకు మెత్తని గుడ్డపట్టీ కుట్టించి తెచ్చెను. చిక్కు కలిగినచో ఒక్క లాగుతో ఊడునట్లు ముడి వేయుట కూడ కొడుకునకు నేర్పెను. వికలాంగుల తెడ్ల పందెమైన పారా రోయింగునందలి కొన్ని తరగతుల పడవలలో దేహమును బిగించు పట్టీలు కలవని, వానికి ఒక్క లాగుతో ఊడు ఏర్పాటు తప్పనిసరి యని తరువాత ఫోనులో చూచి తెలిసికొనినపుడు, తండ్రికి ఆ బొమ్మలను చూపి వాడు ఎంత సంతోషించెనో నేను ఎరుగుదును.

నెలలు గడచెను. స్థూలత తగ్గి, తొడుగు మరల సరిపోవుటచే నడక తిరిగి వచ్చెను. వీపు నిటారయ్యెను. శరీరము అలసి నిదుర గాఢమయ్యెను. లేని పాదపు బాధ పూర్తిగ పోయినదని నేను చెప్పను, పోలేదు. కాని నీటిపై నున్నంత సేపు దానిని తలచుకొను తీరిక వానికి ఉండకుండెను, రాత్రులందు అది వచ్చుట కూడ అరుదయ్యెను. ఈ లాభములన్నిటికంటె నేను పెద్దదిగా నెంచునది వేరొకటి. సైనికునకు పోయినది కాలొక్కటియే కాదు; తెల్లవారుజామున మ్రోగు బిగిలు, పరేడు, తనతో అడుగు కలిపి నడచు దళము, నేడు చేయవలసిన పని యిదియని చెప్పు ఆజ్ఞ, ఇవన్నియు ఒక్క దినమున పోయినవి. మందులు పుండును మాన్పును, పింఛను ఇంటిని నడుపును. ఆ దినక్రమమును మాత్రము అవి తిరిగి యీయజాలవు. క్రీడ ఈయగలదు. దానికి వేళ కలదు, శిక్షణ కలదు, గురువు గద్దింపు కలదు, తోడివాడు కలడు, ఓడింపవలసిన ప్రత్యర్థి కలడు. ఎవ్వడు నిన్ను ఓడింపవలెనని మనసార యత్నించునో వాడు నిన్ను సమానునిగా నెంచినవాడు. ఊరంతయు జాలి చూపిన మనిషికి అట్టి ప్రత్యర్థి గొప్ప బంధువు.

వల వేసి నిరీక్షించు సాయంకాలములందు వాడు తండ్రికి చదివి వినిపించిన సంగతులు కొన్ని నా చెక్కలో నాటుకొనినవి. నాజీల బాధ పడలేక 1939లో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ అను ఊరి ఆసుపత్రిలో, వెన్నుపూస దెబ్బతిన్న సైనికులకు ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. అట్టివారు పడకపుండ్లతోను, మూత్రవ్యాధులతోను త్వరలో మరణింతురని అందరును నిశ్చయించుకొనిన దినములవి. ఆయన వారిని గడియగడియకు ప్రక్కలు మార్పించి బ్రతికించుటతో తృప్తి చెందక, చక్రపు కుర్చీలలో కూర్చుండబెట్టి బంతి యిచ్చెను, విల్లు ఇచ్చెను. లండన్ ఒలింపిక్సు ఆరంభమైన 1948 జూలై 29నాడే ఆ ఆసుపత్రి పచ్చికపై 16 మంది వికలాంగులు విలువిద్యలో పోటీ పడిరి. ఆ చిన్న పోటీయే పెరిగి 1960లో రోము నగరమున పారాలింపిక్సు అయ్యెను.

"గీన మన సికింద్రాబాదుల బాక్సింగ్ ఆడెటోడట బాపూ" యని వాడు మురళీకాంత్ పేట్కర్ కథ చెప్పిననాడు తండ్రి వల సంగతి మరచెను. మహారాష్ట్రమువాడైన పేట్కర్ సికింద్రాబాదునందలి సైన్యపు ఈ.ఎం.ఈ. దళమున బాక్సరు. 1965 యుద్ధమున తుపాకిగుండ్లు తగిలి నడుము దిగువ శక్తి కోల్పోయిన పిమ్మట, చికిత్సలో భాగముగా ఈత మొదలిడి, 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గునందు 50 మీటర్ల ఫ్రీస్టైలును 37.33 సెకనులలో ఈది స్వర్ణపతకము గెలిచెను. పారాలింపిక్సున భారతదేశపు తొలి స్వర్ణమది. దేశము ఆయనకు పద్మశ్రీ యిచ్చునప్పటికి 2018 వచ్చెను. అంత ఆలస్యము న్యాయము కాదని నేను నిస్సంకోచముగ చెప్పుదును.

కాని వాని కన్నులు మెరసినది రాయలసీమకు చెందిన కొంగనపల్లె నారాయణ వృత్తాంతము చదివిననాడు. ఆయనయు జవానే, 2015లో జమ్ము కాశ్మీరమున మందుపాతర పేలి ఎడమకాలు కోల్పోయినవాడే. పూనాలోని సైన్యపు రోయింగు శిక్షణకేంద్రమున తెడ్డు పట్టి, రోడ్డు ప్రమాదమున కాలు పోయిన అనిత యను రాజస్థాన్ యువతితో జతగూడి, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో రజతపతకము గెలిచెను. 2024 పారిస్ పారాలింపిక్సున ఆ జంట ఎనిమిదవ స్థానమున నిలిచెను. కాళ్ళకు కొంత శక్తి మిగిలినవారు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, జంటగ తెడ్లు వేయు ఆ పోటీ పారాలింపిక్సులో ప్రవేశించినది ఆ యేడే. ఇద్దరు భుజములపై మోసుకొని పోదగిన ఆ సన్నని పడవలతో నాబోటి బరువైన నాటుపడవకు పోలిక లేదు. అయినను నీరు ఒక్కటే, లాగు వీపు ఒక్కటే. అదే పారిస్‌లో, 2002లో మందుపాతరవలన ఎడమకాలు పోయిన నాగాలాండు హవల్దారు హొకాటో సేమ 14.65 మీటర్ల దూరము గుండు విసరి, 40 ఏండ్ల వయస్సున కాంస్యము గెలిచెను.

పతకములను గూర్చి ఇంత చెప్పితిని గాని, గాయపడిన ప్రతి జవానును పారిస్ పోవలెనని నా భావము కాదు. నా జవాను పోడు. వాని వయస్సు మీరినది. వాడు నాలో కూర్చుండి తెల్లవారుజామున కట్ట ప్రక్కగ పోయి వచ్చును. పగలు తండ్రికి సాయముగ వల లాగును. కామారెడ్డి నుండి మాజీ సైనికులు కొందరు అప్పుడప్పుడు వచ్చి, వానిని చూచి తామును తెడ్డు పట్టుదురు. అందొకరికి చేయి మోచేతివరకే కలదు. ఆయనకై తెడ్డు పిడికి తోలుతొడుగు కుట్టింపబడినది. వారు ఒండొరులను గేలి చేసికొనుచు, పందెములు వేసికొనుచు, రెజిమెంటు పాటలు పాడుచు పోవునపుడు నా పలకలు కిర్రుమనును. పడవకు అదియే ఆనందము.

పూనాలో శిక్షణ కలదు. వెన్నెముక దెబ్బతిన్నవారికై ఖడ్కీలో పునరావాసకేంద్రము కలదు. హైదరాబాదు చేరువ రంగారెడ్డి గ్రూపు సెంటరులో కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు గాయపడిన తమ జవానులకై 2020లో దివ్యాంగ సాధికారత జాతీయ కేంద్రమును నెలకొల్పి, ఆటలును, వృత్తివిద్యలును నేర్పుచున్నారు. ఇవి మెచ్చదగినవి. కాని జవాను తన తక్కిన జీవితమును గడపునది పూనాలో కాదు, ఎల్లారెడ్డిలో, పిట్లములో, బాన్సువాడలో. అచ్చట వానికి దొరకునది మంచమొక్కటియే. శిక్షణ ముగిసి ఇల్లు చేరిన మరునాడు ఎచ్చట, ఎవరితో కలసి ఆడవలెనను ప్రశ్నకు ప్రత్యుత్తరము ఊరిచెంతనే యుండవలెను.

కావున సైనిక సంక్షేమ శాఖవారికిని, జిల్లా అధికారులకును, ఈ ప్రాంతపు పెద్దలకును నా విన్నపము. పారా రోయింగు పందెపు దూరము 2000 మీటర్లు. మా కట్ట పొడవు అంతకంటె మిక్కిలి. గేట్లకు తగినంత ఎడమున, నీరు నిండుగ నున్న నెలలలో, అట్టి దారి యొకటి తేలికగ ఏర్పరుపవచ్చును. చక్రపు కుర్చీ నీటి అంచువరకు దిగునట్లు మెట్లు లేని వాలు త్రోవ యొకటి, పట్టుకొనుటకు కమ్మీ యొకటి, లైఫ్ జాకెట్లు కొన్ని, తేలికపాటి జంటతెడ్ల పడవలు రెండు, వారమునకు కొన్ని దినములైనను వచ్చు శిక్షకుడొకడు, ఇంతమాత్రము కావలెను. తెడ్డు వేయుటలో ప్రథమపాఠములు చెప్పుటకు మా ఒడ్డున జాలరులు కలరు. వారికి జీతమిచ్చి పిలువుడు. మీ ఊర గాయపడిన జవాను ఉన్నచో, మరల శాలువ కప్పుటకు ముందు వానిని ఒక తెల్లవారుజామున నిజాంసాగరము తీసికొని రండు. వాడు తెడ్డు అడిగినచో ఇయ్యుడు.