ఎకరంలో వంద మీటర్లు

2036 ఒలింపిక్స్ మేం జరుపుతామంటూ మన దేశం 2024 అక్టోబర్ 1న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి ఉత్తరం రాసింది. 2030 కామన్‌వెల్త్ ఆటలు ఇప్పటికే అహ్మదాబాద్ ఖాతాలో పడిపోయాయి. ఒలింపిక్స్ కూడా వస్తే గిస్తే అటే పోతాయన్న అనుమానంతో, ఒకటీ అరా పోటీలైనా హైదరాబాద్‌కు ఇవ్వండని మన రాష్ట్రం అడుగుతోంది. అడగందే అమ్మయినా పెట్టదు కనుక అడగడంలో తప్పులేదు. నా మనవి ఒక్కటే. అహ్మదాబాద్‌ను హైదరాబాద్ అడిగినట్టే, హైదరాబాద్‌ను నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) కూడా అడగాలి. కృష్ణా నీళ్ల విషయంలో అడిగీ అడిగీ గొంతులు పోయిన జిల్లాలు మనవి. అడగడంలో మనకున్న అనుభవం ఇంకెవరికుంది? అందుకే రెండు జిల్లాల తరఫున దరఖాస్తు రాసే పని నేనే నెత్తినేసుకున్నాను.

ఇలాంటి దరఖాస్తుల్లో మొట్టమొదట అడిగేది, భారీ కార్యక్రమాలు నిర్వహించిన అనుభవం ఉందా అని. లేకేం! పాలమూరులో ఎంవీఎస్ కాలేజీ మైదానమే తీసుకోండి. 2022 డిసెంబర్ 4న అక్కడ ఒక ముఖ్యమంత్రి బహిరంగ సభ. 2024 మార్చి 6న అదే మైదానంలో ఇంకో ముఖ్యమంత్రి బహిరంగ సభ. నడుమ ప్రభుత్వం మారింది, కండువాల రంగు మారింది, తిట్లు తిట్టేవాళ్లూ తిట్టించుకునేవాళ్లూ కుర్చీలు మార్చుకున్నారు. మైదానం మాత్రం అదే. రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం జిల్లాలో బహుశా అదొక్కటే. పారిస్‌కు 2017లో ఆటలు కేటాయిస్తే 2024 దాకా తయారవుతూనే ఉన్నారు, ఏడేళ్లు! మన వాళ్లకు ఏడు రోజుల ముందు ఫోన్ వస్తే చాలు. హెలిప్యాడ్, వేదిక, బారికేడ్లు, ఎల్‌ఈడీ తెరలు, వీఐపీలకు ఒక దారి, మీడియాకు ఒక దారి, జనానికి ఎండ, అన్నీ సిద్ధం. లక్ష మందిని బస్సుల్లో తేవడం, సభ సగంలో ఉండగానే వాళ్లంతట వాళ్లే వెళ్లిపోవడం కూడా మనకు అలవాటే. జనాన్ని ఖాళీ చేయించే తిప్పలు మనకు అక్కర్లేదు.

సభ అయ్యాక ఏముంటుందన్నది దరఖాస్తులో అడగరు, అందుకే ఇక్కడ చెప్తాను. సభ జరిగిన మూడో రోజు పొద్దున ఒక గ్రౌండుకు వెళ్లాను. ఊరి పేరు చెప్పను, ఏ ఊరు చెప్పినా మీకు మీ ఊరే గుర్తొస్తుంది. పీఈటీ సారు ఒకాయన మండల స్థాయి స్కూల్ గేమ్స్ కోసం ట్రాక్ వేస్తున్నాడు. నేలలో ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి నైలాన్ తాడు కట్టి, తాడు రెండో కొస బిగించి పట్టుకుని, నడుం వంచి అరచందమామలా వంపు గీస్తున్నాడు. ఆ గీత వెంబడే తొమ్మిదో తరగతి పిల్లగాడొకడు, అడుగున బొక్కలు కొట్టిన డబ్బాలోంచి సున్నం జల్లుకుంటూ వస్తున్నాడు. మొదటి లేన్ దూరాన్ని లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్లు జరిగి కొలవాలి, మిగతా లేన్లయితే 20. ఆ లెక్క తప్పితే ఒక పిల్లగాడు పక్కవాడి కంటే ఎక్కువ దూరం ఉరికి ఓడిపోతాడు. సారుకు ఈ లెక్కలు నోటికొచ్చు. మూడో లేన్ మలుపు దగ్గర సున్నం డబ్బా ఆగిపోయింది. ఎదురుగా టెంటు గుంజ పాతిన గుంత.

"ఏం జేద్దాం సారూ?" అన్నాడు పిల్లగాడు.

"ఏముందిరా, రాళ్లేసి మట్టి కప్పుదాం."

"మొన్న కప్పినం గద సారూ దీన్ని!"

"అది పోయిన సభ గుంత. ఇది ఈ సభది."

ఆ సారు జీతంలోంచే సున్నం బస్తా వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ ఖర్చును దరఖాస్తులో 'ప్రైవేటు భాగస్వామ్యం' కింద చూపించాను.

ఇక క్రీడా వసతులు. ఈ గడి నింపడానికి నాకు చోటు చాల్లేదు. 2022 జూన్ 2న రాష్ట్ర అవతరణ దినం నాడు 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' పథకం మొదలైంది. ఊరూరా, వార్డు వార్డునా అర ఎకరమో ఎకరమో చూసి ఆటస్థలం చేయాలన్నారు. మంచి ఆలోచనే, వంక పెట్టను. అప్పటి క్రీడల మంత్రి సొంత నియోజకవర్గం మహబూబ్‌నగరే కాబట్టి బోర్డులకైతే ఏ లోటూ రాలేదు. కొన్ని చోట్ల ఊరికి దూరంగా గుట్ట బోడు మీద, కొన్ని చోట్ల శ్మశానం పక్కన, కొన్ని చోట్ల చెరువు శిఖంలో బోర్డు వెలిసింది. బోర్డు మీద ఆడుతున్న బొమ్మలున్నాయి, కింద ఆడటానికి జాగా ఉందా లేదా అన్నది వేరే శాఖ చూడాలి.

ఎకరం జాగా నిజంగా దొరికిందనే అనుకుందాం. ఇక్కడ కొంచెం లెక్క చేయనివ్వండి, స్కూల్లో లెక్కల సారు కొట్టిన దెబ్బలకు ఇప్పటికైనా ఫలితం దక్కాలి. ఎకరమంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు వస్తుంది. అంటే అందులో 100 మీటర్ల పరుగు పందెం పెట్టలేం. సరే, ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికిద్దామంటే అదీ 90 మీటర్లే. మిగిలిన 10 మీటర్లూ పక్క రైతు పత్తి చేనులో ఉరకాలి. ఆ రైతు కర్ర పట్టుకుని కాపలా ఉంటే మన పిల్లల టైమింగ్ మెరుగవుతుందన్నది నిజమే కానీ, దాన్ని అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోకపోవచ్చు. న్యాయంగా మాట్లాడుకోవాలంటే, 13 మీటర్ల కబడ్డీ కోర్టు, 18 మీటర్ల వాలీబాల్ కోర్టు ఆ ఎకరంలో దర్జాగా పడతాయి. పరుగు ఒక్కటే పట్టదు. పరుగెత్తే వాళ్లకు ఈ దేశంలో ఎక్కడా జాగా పట్టదులెండి, అది వేరే సంగతి.

400 మీటర్ల అసలు ట్రాక్ కావాలంటే 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. సుమారు నాలుగెకరాలు. మరి పాలమూరులో జాగాకు కరువా? అప్పన్నపల్లి దగ్గర 2,087 ఎకరాల్లో అర్బన్ ఎకో పార్క్ ఉంది. లెక్క ప్రకారం అందులో 500 ట్రాకులు పడతాయి. అయినా అది అడవి, దాన్ని ట్రాకు కోసం అడిగే పాపం నాకొద్దు. నెమళ్లనన్నా హాయిగా ఉరకనిద్దాం. పైగా మహబూబ్‌నగర్ ఇప్పటికే ఒక బంతి ఆటలో గిన్నిస్ రికార్డు కొట్టింది. 2020లో స్వయం సహాయక సంఘాల మహిళలు కోటికి పైగా విత్తన బంతులు చేశారు. చేసింది ఆడవాళ్లు, విసురుతూ ఫోటో దిగింది నాయకులు. షాట్‌పుట్‌లో మన జిల్లా ఎందుకు వెనకబడిందని అడిగేవాళ్లు ఈ పని విభజనను గమనించాలి.

ప్రారంభోత్సవ కార్యక్రమం ఎలా చేస్తారన్న ప్రశ్న చూసి నాకు నవ్వొచ్చింది. అది మాకు నేర్పాలా? పిల్లలు ఏడింటికే రావాలి, ముఖ్య అతిథి పదకొండింటికి వస్తారు. ఈ నాలుగు గంటలూ పిల్లలు మార్చ్‌పాస్ట్ లైన్లలో నిలబడే ఉంటారు కాబట్టి, సహనానికి సంబంధించిన పోటీలు అప్పటికే పూర్తయినట్టు. ఇద్దరు ముగ్గురు కళ్లు తిరిగి పడిపోతారు, వాళ్లు హీట్స్‌లో వెనుదిరిగినట్టు. అతిథి వచ్చి జెండా ఎగరేసి, జ్యోతి వెలిగించి, శాంతి పావురాన్ని వదిలి, మైకు అందుకుంటారు. తర్వాత కబడ్డీ కోర్టులో దిగి ఒక కూత పెడతారు. ఆయన కూతకు వస్తే ఎదుటి జట్టు ఏడుగురూ తమంతట తామే అవుటైపోతారు. ఇంత క్రమశిక్షణ ఉన్న జట్లు ప్రో కబడ్డీలో కూడా లేవు. మర్నాడు జిల్లా పేజీలో 'క్రీడలతో మానసికోల్లాసం' అని శీర్షిక. ఎవరు గెలిచారన్నది ఆఖరి పేరాలో, జాగా ఉంటే. ఎవరికి ఉల్లాసమైందో ఆ పక్క ఫోటో చూస్తే తెలుస్తుంది.

గెలిచిన పిల్లలు రాష్ట్ర పోటీలకు పోవాలంటే ఇంకో చిత్రం ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలాయి. తర్వాత నారాయణపేట కూడా విడిపోయి పాత మహబూబ్‌నగర్ ఐదు జిల్లాలైంది. కలెక్టర్లు ఐదుగురు, ఎస్పీలు ఐదుగురు, ఫ్లెక్సీలు ఐదింతలు. స్కూల్ గేమ్స్ జట్టు మాత్రం నేటికీ 'ఉమ్మడి మహబూబ్‌నగర్' పేరునే పోతుంది. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి కూడా ఆటల్లో ఇంకా ఉమ్మడి కుటుంబమే. గద్వాల పిల్ల లాంగ్‌జంప్‌లో మొదటి దూకుడు సెలక్షన్‌కు పోయే బస్సులోకి.

ఇంత చెప్పాక, నిజంగా అథ్లెటిక్స్ ఎక్కడా జరగవా అంటే, జరుగుతాయి. జరిగాయి కూడా. 2022 డిసెంబర్‌లో పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు పెడితే రాష్ట్రంలోని కేంద్రాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. లాంగ్‌జంప్, షాట్‌పుట్ అదనం. మగవాళ్ల గుండు బరువు 7.26 కిలోలు, ఒలింపిక్స్‌లో వేసేదీ అదే బరువు. టైము చూడటానికి ఒంటికి కట్టిన చిప్పు ఉంది, సిఫారసుకు చోటు లేదు, ముఖ్య అతిథీ లేడు. గుంతలు ముందే పూడ్చారు. ట్రాక్ మీద సున్నం గీతలు తిన్నగా ఉన్నాయి. ఈ జిల్లాల్లో వేలమంది యువతీ యువకులు పాల్గొన్న అతి పెద్ద అథ్లెటిక్ మీట్ అదే, కాకపోతే దాన్ని ఆటల్లో ఎవరూ లెక్కపెట్టరు.

వాళ్లెక్కడ సాధన చేశారో చూస్తే మన వసతుల పట్టిక పూర్తవుతుంది. 'ఈవెంట్స్' కొట్టాలని నెలల తరబడి తెల్లారుజామున నాలుగింటికి లేచి, నల్లగొండ పిల్లలు అద్దంకి రోడ్డు వెంట, పాలమూరు పిల్లలు రాయచూరు రోడ్డు వెంట ఉరికారు. ఎదురుగా లారీల లైట్లు, వెనక ఊరకుక్కలు, జేబులో గుప్పెడు నానబెట్టిన శనగలు. వలస బస్సు ఎక్కిన తల్లిదండ్రుల పిల్లలు ఖాకీ కోసం ఉరికిన ఉరుకు అది. ఆ ఏడుంబావు నిమిషాలు వాళ్ల ఇళ్లల్లో ఒలింపిక్ పతకం కంటే ఎక్కువ. ఉద్యోగం వచ్చినవాళ్లు ఆ రోజుతో పరుగు మానేశారు, రానివాళ్లు వచ్చే నోటిఫికేషన్ దాకా మానేశారు. వాళ్లలో మంచి మిడిల్ డిస్టెన్స్ రన్నర్ ఒక్కరైనా ఉండి ఉంటే, ఇప్పుడు ఏదో చౌరస్తాలో చలాన్లు రాస్తూ ఉంటారు.

స్టేడియంలో సాధన చేయొచ్చు కదా అంటారా? స్టేడియం పొద్దున వాకర్లది. వాళ్లకు ఓటుంది, సంఘం ఉంది, గేటు దగ్గర రాగిజావ బండి ఉంది. నలుగురు పక్కపక్కనే వరుస కట్టి, రిజిస్ట్రేషన్ ధరలు మాట్లాడుకుంటూ మొదటి నాలుగు లేన్లూ ఆక్రమించి నడుస్తుంటే, వెనక నుంచి ఉరికొచ్చే పిల్లగాడు "అంకుల్, సైడ్!" అనాల్సి వస్తుంది. అంకుల్ సైడ్ ఇవ్వడు, సలహా ఇస్తాడు. ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఒక ఐఏఎస్ అధికారి కుక్కను తిప్పుకోవడానికి అథ్లెట్లను పెందలాడే పంపించేస్తున్నారని 2022లో పత్రికలు రాస్తే, ఆయన్ను లద్దాఖ్‌కు బదిలీ చేశారు. మన దగ్గర అలాంటి ఇబ్బంది లేదు. కుక్కలు ఏ అధికారి సాయమూ లేకుండా వాటంతటవే వస్తాయి, బదిలీ చేయడానికి ఎవరూ దొరకరు.

దరఖాస్తులో చివరి గడి, గ్రౌండు ఖాళీగా ఉండే తేదీలు. అక్కడే చిక్కొచ్చింది. జనవరిలో గణతంత్ర దినం రిహార్సల్స్. ఆ తర్వాత ఎగ్జిబిషన్, జెయింట్ వీల్, పళ్లెమంత అప్పడాలు. ఎండాకాలంలో వేసవి శిక్షణ శిబిరం ఉంటుంది కానీ, ఆ ఎండకు శిక్షకుడే నీడ పట్టున ఉంటాడు. జూన్‌లో అవతరణ ఉత్సవాలు. సెప్టెంబర్ నుంచి వినాయకుడు, బతుకమ్మ, రావణ దహనం, పటాకుల దుకాణాలు. పటాకులు అయ్యేసరికి అయ్యప్ప పడిపూజలు, స్వస్థత సభలు, వాటి నడుమ ఒక్కో ఏడు సీఎం కప్ పోటీలు. ఎన్నికలొస్తే ఏ నెలా మనది కాదు.

తిప్పి తిప్పి చూస్తే జూలై ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఖాళీ కనిపించింది. అదృష్టం చూడండి, పారిస్ ఒలింపిక్స్ జరిగింది కూడా జూలై 26 నుంచి ఆగస్టు 11 దాకానే! గ్రౌండు ఆ రోజుల్లో ఎందుకు ఖాళీ అంటే, మోకాలి లోతు నీళ్లుంటాయి. కరువు జిల్లాలమే కావచ్చు, చెరువులు నిండకపోయినా గ్రౌండ్లు నిండటం మాకు ఆనవాయితీ. కాబట్టి అథ్లెటిక్స్ గడి కొట్టేసి, రోయింగ్ దగ్గర టిక్కు పెట్టాను. పడవలు కమిటీ వాళ్లే తెచ్చుకోవాలి. ఆగస్టు 12 సాయంత్రానికల్లా నీళ్లతో సహా ఖాళీ చేసి అప్పగించాలి, 13 పొద్దున పంద్రాగస్టు రిహార్సల్స్ ఉన్నాయి.