ఎరుక అంటకుండా కసరత్తు, ధ్యానం: బందరు, గుడివాడ, దివిసీమ వాస్తవ్యులకు కొన్ని చిట్కాలు

ముందుగా హెచ్చరిక. బరువులెత్తడం ఒక్కటే చేస్తే ప్రమాదం లేదు, చొక్కా బిగుతవుతుంది, అంతే. ధ్యానం ఒక్కటే చేసినా ఫర్వాలేదు, కునుకు పడుతుంది. రెండూ కలిపి చేస్తేనే చిక్కు. నడుం ఎక్కడ వంకరపోతోందో, కోపం ఎక్కడ మొదలవుతోందో రెండూ తెలిసిపోతాయి. అలా తెలిశాక మనశ్శాంతిగా పోట్లాడలేం. కాబట్టి జాగ్రత్తలు పాటించండి.

జిమ్ములో చేరిన రోజే పక్కవాడు ఎంత ఎత్తుతున్నాడో చూసి అంతా ఎత్తేయండి. మొదటి కొన్ని వారాల్లో వచ్చే బలం చాలావరకు కండ పెరిగి వచ్చేది కాదు, ఉన్న కండను నరాలు వాడుకోవడం నేర్చుకున్నందువల్ల వచ్చేది. అప్పుడు గానీ మీరు మనసు పెట్టారా, ఒళ్ళు పాఠం నేర్చేసుకుంటుంది. అందుకే చెవుల్లో డప్పు పాట, ఎదురుగా అద్దం, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఫోను. బరువు నెమ్మదిగా దించమని కోచ్ చెబితే తలూపి ధడేలుమని పడేయండి. దించేటప్పుడు కండ సాగుతూనే పనిచేస్తుంది, వణుకు బయటపడేది అక్కడే. ఊపిరి గట్టిగా బిగబట్టండి, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, మొహం కందగడ్డ అవుతుంది. బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి.

గుడివాడ వాళ్ళు రైసు మిల్లుల వైపు వెళ్ళకపోవడం మంచిది. అక్కడ ముఠా కూలీ 75 కిలోల ధాన్యం బస్తా వీపున వేసుకుని, లారీకి ఆనించిన చెక్క మీద ఎక్కుతుంటాడు. చెక్క కాలికింద వంగుతుంది. అడుగు తప్పితే మనిషీ బస్తా కింద. కొత్త కుర్రాడు దిక్కులు చూస్తే మేస్త్రి ఊరుకోడు: "కాలు చూసుకోరా అబ్బాయ్, ఊపిరి బిగబట్టమాక!" (అది సాధన కాదు, కూలి. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తాయి, ఎవరూ దండ వెయ్యరు.) అయినా ఫీజు కట్టకుండా ఇలాంటి పాఠం వింటే మన పరువేం కాను?

ఉయ్యూరు దగ్గర గండిగుంట బిడ్డ దండమూడి రాజగోపాలరావు గారి ప్రస్తావన వస్తే "ఆ, 1963 నర్తనశాలలో భీముడు" అని మాట మార్చేయండి. బెజవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారన్నంత వరకూ ఫర్వాలేదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ పతకం దాకా వెళ్ళారో, ఇరుక్కుంటారు. అప్పట్లో పోటీలో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అని మూడు ఎత్తులుండేవి. ప్రెస్‌ను 1972 ఒలింపిక్స్ తర్వాత తీసేశారు. ఏ ఎత్తయినా బార్ తలమీదికి వెళ్ళగానే లెక్కలోకి రాదు. చేతులు నిటారుగా, పాదాలు ఒక వరసలో, కదలకుండా, రిఫరీ దించమని సైగ చేసేదాకా నిలబడాలి. అంత బరువు నెత్తిమీద ఉండగా ఇంటి తగాదాలు గుర్తుకు రావు. ఎత్తడంలోనే నిశ్చలంగా ఉండటం నియమంగా పెట్టారంటే, ఇది ఎంత ప్రమాదకరమైన క్రీడో చూడండి.

ఇక కూర్చోవడం. ఏలూరు దగ్గర విజయరాయిలో విపశ్యన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం, మాటలు బంద్. నడిమికి వచ్చేసరికి రోజుకు మూడుసార్లు, గంటేసి సేపు, కాళ్ళూ చేతులూ కదపకుండా కళ్ళు తెరవకుండా కూర్చోమంటారు. రిఫరీ ఉండడు, అంతే తేడా. శిబిరం జరిగినన్నాళ్ళూ నడక తప్ప వేరే వ్యాయామం వద్దంటారు. ఈ ఒక్క ముక్క పట్టుకుని "కసరత్తుకీ ధ్యానానికీ పడదండీ" అని ఊరంతా చెప్పండి. పదకొండో రోజు సంగతి ఎవరూ అడగరు. నడుం బలం లేనివాడి ధ్యానమంతా నడుం గురించే సాగుతుంది కాబట్టి దండీలూ బస్కీలూ తీసి నడుం గట్టిపరచుకోకండి. కాలు తిమ్మిరెక్కితే కుండలిని లేచిందని ప్రకటించండి. "మోకాలి పక్క నరం నొక్కుకుపోయిందిలే" అని ఎవరైనా అంటే, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి మనిషని ముద్ర వేయండి.

దివిసీమ వాళ్ళు ఘంటసాల బౌద్ధ స్తూపం దగ్గర ఫోటో దిగి వచ్చేయండి, ఎక్కువసేపు ఉండొద్దు. నడవడం, నిలబడటం, చెయ్యి ముడవడం, చాపడం అన్నీ తెలిసి చేయమన్న సంప్రదాయం బౌద్ధులది. చెయ్యి ముడిచి చాపడమంటే డంబెల్ పనే కదా! ఈ పోలిక ఒకసారి తోచిందంటే జిమ్ములో ఫోను చూడబుద్ధి కాదు.

కసరత్తు చేసిన మర్నాడు, ఆ మర్నాడు ఒళ్ళు నొప్పులు ముదురుతాయి. కళ్ళు మూసుకుని వాటిని గమనిస్తే కండ బిగిసిన నొప్పి వేరు, కీలులో పొడిచే నొప్పి వేరని తేలిపోతుంది. ఆ పని చేయకుండా బామ్ రాసుకుని అంత బరువూ మళ్ళీ ఎత్తండి.

ప్రగతికి కొలతలు రెండే: చేతికి టేపు, ధ్యానానికి యాప్‌లో నిమిషాలు. ఇంట్లో ఆవిడ "ఏవండీ, ఈమధ్య విసుక్కోవడం తగ్గించారు" అందంటే ఎక్కడో పొరపాటు జరిగింది. వెంటనే బరువు రెట్టింపు చేసి, ధ్యానం మానేయండి.